గడ్డలో గాలాడని చోటు

"ఉన్న గడ్డ చాలదనా, మళ్ళీ రక్తం పోసి దాన్ని పెంచుతారా?" అన్నారు మా అత్తగారు.

ఆవిడ అలా అనడంలో తప్పులేదు. మా పెద్దవదినకి గర్భాశయ ముఖద్వారం దగ్గర కేన్సరని తేలింది. కరెంటు పెట్టించడానికి అన్నీ సర్దుకుని పట్నం వెళితే, రక్తపరీక్షలో హెమోగ్లోబిన్ 7.8 వచ్చింది. "ముందు రక్తం ఎక్కిద్దాం, తర్వాత మొదలుపెడదాం" అన్నారు డాక్టరమ్మ. రోగం ముదిరిపోతుంటే ఈ ఆలస్యమేమిటని వదిన కొడుకు చిందులు. అత్తగారిదేమో ఆ ప్రశ్న. నిజం చెప్పొద్దూ, నాకూ లోలోపల అదే అనుమానం. నేను చదివిన బి.ఎస్సీ. పిల్లల హోంవర్కులకి పనికొచ్చిందిగానీ, ఇలాంటి వేళ నోరు పెగలదు.

డాక్టరమ్మ ఒకే ముక్క చెప్పారు. "గాలి అందని కేన్సర్ కణం కరెంటుకి ఓ పట్టాన చావదమ్మా!" ఆ ముక్క పట్టుకుని తర్వాత నేను చదివి తెలుసుకున్న సంగతులే ఇవి.

ఉల్లిపాయల బస్తా తెచ్చి ఓ మూల పడేశామనుకోండి. పైవాటికి గాలి తగిలి బాగానే ఉంటాయి. నట్టనడుమవి కుళ్ళిపోతాయి. ఈ రెంటికీ మధ్య, చెమ్మపట్టి కూడా ఇంకా కుళ్ళనివి కొన్ని ఉంటాయి చూడండి. కేన్సర్ గడ్డలోనూ అంతే. గడ్డ ఆబగా పెరుగుతుంది, దానికి తగ్గట్టు రక్తనాళాలు పెరగవు. పెరిగినవి కూడా వంకరటింకరగా ఉంటాయి. ఇంగ్లండులో గ్రే అనే భౌతికశాస్త్రవేత్త, ఆయన సహచరుడు థామ్లిన్సన్ కలిసి ఊపిరితిత్తుల కేన్సర్ ముక్కల్ని సూక్ష్మదర్శినిలో కొలిచి చూసి, 1955లో ఆ సంగతి ప్రకటించారు. రక్తం అందే చోటినుంచి మిల్లీమీటరులో ఐదోవంతు దూరమైనా పోకముందే కణాలు చచ్చిపడి ఉన్నాయి. ఆ చచ్చినవాటిని ఆనుకుని, కొనఊపిరితో బతుకుతున్న వరస ఒకటి ఉంటుందని వాళ్ళు గ్రహించారు. అసలు గొడవంతా ఆ వరసతోనే.

రేడియేషన్ చేసే పని కణంలోని డి.ఎన్.ఎ.ని దెబ్బతీయడం. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ దెబ్బ మానకుండా చేస్తుంది. లేకపోతే కణం తనకు తానే కుట్లు వేసుకుని మళ్ళీ లేచి కూర్చుంటుంది. అలాంటిదాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. అంత పెడితే పక్కనున్న పేగులూ, మూత్రాశయమూ ఏమైపోవాలి? (వదిన ఫైలులో "50 గ్రే, 25 సార్లు" అని రాసి ఉంది. ఆ కొలతకి పెట్టింది ఈ గ్రేగారి పేరేనట!) రక్తం సరిగా వెళ్ళని చోటికి సెలైన్‌లో ఎక్కించే కీమో మందు కూడా సరిగా వెళ్ళదు.

అయితే గాలి అందిస్తే సరిపోదా? లండన్‌లో 1950లలోనే రోగుల్ని ఒత్తిడితో ఆక్సిజన్ నింపిన గదిలాంటి పెట్టెలో పడుకోబెట్టి కరెంటు పెట్టారు. అది రోజూ ప్రతి ఆసుపత్రిలో అయ్యే పని కాదు. తర్వాత ఆక్సిజన్‌కి బదులు పనిచేసే మందులు వచ్చాయి. మిసోనిడజోల్ అనేది ఎలుకల గడ్డల్ని భలేగా లొంగదీసింది. తీరా మనుషులకిస్తే, కావలసిన మోతాదు చేరకముందే కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కి నరాలు దెబ్బతిన్నాయి. గాలి లేని చోట మాత్రమే విషంగా మారే టిరపజమీన్ మీద ఇంకా ఆశ పెట్టుకున్నారు. ఎలుకల్లో బాగుంది. 2010లో తల, మెడ కేన్సర్లకి, 2014లో మా వదినకొచ్చిన ఈ కేన్సర్‌కే, పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. అదనపు మేలేమీ లేదు. పాపం, ఎన్నేళ్ళ శ్రమ!

ఎలుక అబద్ధం చెప్పిందని కాదు. మనుషుల గడ్డలన్నీ ఒక్కలా ఉండవు. ఒకరి గడ్డలో గాలాడని భాగం ఎక్కువ, ఇంకొకరి గడ్డలో దాదాపు ఉండదు. ఇద్దరికీ ఒకే మందిచ్చి సగటు తీస్తే మేలు కనిపించకుండా పోతుందంటున్నారు. అందుకే ఎవరి గడ్డలో ఎంతుందో ముందు కొలిచే దారులు వెతుకుతున్నారు.

ఇంకో ఆలోచన నాకు బాగా నచ్చింది. కుళాయి నీళ్ళు చాలనప్పుడు ట్యాంకరు తెప్పిస్తాం, లేదంటే వాడకం తగ్గిస్తాం కదా. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు రెండోది చేశారు. మలేరియాకి వాడే అటొవాక్వోన్ మందు కేన్సర్ కణం తాగే ఆక్సిజన్‌ని తగ్గిస్తుందని 2016లో ఎలుకల గడ్డల్లో చూపించారు. ఆ తర్వాత ఊపిరితిత్తుల కేన్సర్ రోగుల్లోనూ గాలాడని భాగం తగ్గినట్టు స్కానుల్లో కనిపించింది. జబ్బు నయం కావడానికి అది ఎంత సాయపడుతుందో తేలాల్సే ఉంది. మలేరియా బిళ్ళలు కొనుక్కొచ్చి వేసుకునేరు!

మళ్ళీ రక్తం సంగతికి వద్దాం. రక్తం తక్కువున్నవాళ్ళకి ఈ కేన్సర్‌లో రేడియేషన్ ఫలితమూ తక్కువేనని చాలా అధ్యయనాలు చెప్పాయి. అయితే రక్తం ఎక్కిస్తే ఆ తేడా ఎంతవరకు పూడుతుందో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఎరిత్రోపోయిటిన్ అనే రక్తం పెంచే ఇంజక్షన్‌ని యూరప్‌లో తల, మెడ కేన్సర్ రోగులకి ఇచ్చి చూశారు. హెమోగ్లోబిన్ పెరిగింది, కేన్సర్ మాత్రం అదుపు తప్పింది. ఆ సంగతి 2003లో బయటికొచ్చింది. అంటే మా అత్తగారి అనుమానం పూర్తిగా వెర్రిది కాదన్నమాట! ఎవరికి, ఎంత, ఎలా అన్నది డాక్టరు తేల్చాల్సిందే.

పొగ సంగతీ చెప్పాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. రేడియేషన్ జరిగినన్నాళ్ళూ పొగతాగిన తల, మెడ కేన్సర్ రోగులకి వైద్యం తక్కువగా పనిచేసిందని కెనడా డాక్టర్లు 1993లో రాశారు. అడ్డపొగ అలవాటున్న ఉత్తరాంధ్ర అమ్మమ్మలకి ఈ మాట ఎవరు చెబుతారో!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. వదిన కళ్ళు తిరుగుతున్నాయంటే ఎండ అనుకున్నాం, ఆయాసమంటే వయసు అనుకున్నాం.

వదినకి మూడు సీసాల రక్తం ఎక్కించారు. 10.4కి వచ్చాక కరెంటు మొదలైంది. ఇరవై అయిదు సార్లూ పూర్తయ్యాయి. ఇదంతా అత్తగారికి కూర్చోబెట్టి చెబితే ఓపిగ్గా విని, "మరి నీదెంతుందో చూపించుకున్నావుటే?" అన్నారు.

మర్నాడే చూపించుకున్నాను. 9.2.