ఢిల్లీ సీలింగు వివాదం

ఢిల్లీ సీలింగు వివాదం అనగా నివాస గృహాలలో దుకాణాలు, కార్యాలయాలు నడపటంపై 2006లో దేశ రాజధానిలో చెలరేగిన వివాదము. నగర ప్రణాళికలో నివాసానికి కేటాయించిన చోట అనుమతి లేనిదే వ్యాపారం చేయరాదు. అయితే జనాభా పెరిగినంతగా బజార్లు ఏర్పడలేదు. దుకాణాలు ఇళ్ళలోకి చేరాయి. పురపాలక యంత్రాంగం ఏళ్ళ తరబడి చూసీ చూడనట్లు ఊరుకొంది. ఈ వివాదానికి అసలు మూలం ఇదే.

ఎం.సి.మెహతా కేసులో 2006 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు అటువంటి ఆవరణలకు సీలు వేయవలెనని ఆదేశించినది. సీలు వేయటమంటే కట్టడాన్ని కూల్చటం కాదు, తాళం వేసి వాడకాన్ని ఆపటం. చిల్లర వర్తకునికి మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు, ఆనాటి నుండే రాబడి ఆగిపోతుంది. మరోవైపు వాహనాల రద్దీ, రణగొణధ్వని, నీటి కొరతలతో విసిగిన కాలనీ సంఘాలు అనేకం ఈ చర్యను సమర్థించాయి.

మే నెలలో పార్లమెంటు ఏడాది పాటు చర్యలను నిలుపుతూ చట్టం చేసింది. అయినా వ్యాపారం మానుకొంటామని హామీపత్రాలు ఇచ్చినవారు వాటికి కట్టుబడవలసిందేనని ఆగస్టులో కోర్టు స్పష్టం చేసింది. సెప్టెంబరు 20న సీలంపూర్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగి కొందరు మరణించారు.

2007 ఫిబ్రవరి 7న వెలువడిన 'ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021' ప్రకటిత వీధులలో మిశ్రమ వినియోగాన్ని అనుమతించింది. తమ ఇంటిలోనే వృత్తి సాగించే వైద్యులు, న్యాయవాదులు వంటివారికి అంతస్తు వైశాల్యంలో సగం వరకు వెసులుబాటు ఇచ్చింది. తాత్కాలిక రక్షణ చట్టాన్ని అనేకసార్లు పొడిగించినా, 2017 డిసెంబరులో సీలింగు తిరిగి మొదలైంది.