మూడు కాళ్ల చిన్న భాగం: పొటెన్షియోమీటరును కాల్చకుండా వాడుకొనే విధానం

రేడియో శబ్దాన్ని హెచ్చించే, తగ్గించే గుండీ వెనుక దాగి ఉన్న చిన్న పరికరమే పొటెన్షియోమీటరు. మరమ్మతు దుకాణాలలో దీనిని 'పాట్' అనీ, 'వాల్యూమ్ కంట్రోల్' అనీ వ్యవహరిస్తారు. పది, ఇరవై రూపాయలకు లభించే ఈ భాగం పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలకు నమూనాలు తయారుచేసే పిల్లలకు ఎంతగానో ఉపకరిస్తుంది. అయితే, ముందునాటి రాత్రి ఇంట్లో చక్కగా వెలిగిన దీపం ప్రదర్శన నాడు గుండీ తిప్పగానే ఆరిపోవడం, పాట్ నుండి కాలిన వాసన రావడం కూడా అరుదు కాదు. అప్పుడు చౌక సరుకును నిందిస్తారు. చాలా సందర్భాలలో దోషం సరుకుది కాదు, దానిని కలిపిన తీరుది.

లోపల ఏమున్నది?

పాట్ లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పూత ఉంటుంది. పూత రెండు కొనల నుండి రెండు కాళ్లు వెలుపలికి వస్తాయి. పూతపై జారే సన్నని లోహపు రేకుకు మధ్య కాలు కలిసి ఉంటుంది. గుండీని ఎంత తిప్పినా రెండు చివరి కాళ్ల మధ్య నిరోధం మారదు. మధ్య కాలికీ ఒక చివరకూ నడుమ నిరోధం ఎంత పెరిగితే, రెండవ వైపు అంత తగ్గుతుంది.

తెలుగు పుస్తకంలోని 'నిరోధం' కన్నడ, మరాఠీ పుస్తకాలలో 'రోధ' అనీ, తమిళంలో 'మిన్‌తడై' అనీ కనిపిస్తుంది. పేరు ఏదైనా కొలత ఓమ్ మాత్రమే. పాట్ మీద 103 అని ఉంటే 10 పక్కన మూడు సున్నాలు, అనగా 10,000 ఓమ్‌లు. 102 అంటే 1,000. 104 అంటే లక్ష.

దిగుడుబావి మెట్లు

9 వోల్టుల బ్యాటరీ ధ్రువాలను రెండు చివరి కాళ్లకు కలిపితే, పూత వెంబడి వోల్టేజి దిగుడుబావి మెట్ల వలె 9 నుండి సున్నా వరకు క్రమంగా దిగుతుంది. మధ్య కాలు ఏ మెట్టు మీద నిలిస్తే అక్కడి వోల్టేజి మనకు లభిస్తుంది. జర్మనీ శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ 1841 ప్రాంతంలో రూపొందించిన, నేటికీ ఇంటర్మీడియట్, పి.యు.సి. ప్రయోగశాలలలో పొడవైన తీగతో కనిపించే పొటెన్షియోమీటరు సూత్రం కూడా ఇదే.

చౌక పాట్‌ల విలువలో 20 శాతం వరకు హెచ్చుతగ్గులు సహజం. 10,000 అని ముద్రించినది నిజానికి 8,000 కావచ్చు, 12,000 కావచ్చు. ఈ పద్ధతిలో దాని వలన నష్టం లేదు. మెట్ల ఎత్తు మారినా సగం దూరంలో సగం వోల్టేజియే ఉంటుంది. చౌక పాట్ నమ్మకంగా పనిచేసేది ఇక్కడే.

కాలిపోవడం ఎందుకు?

రెండవ పద్ధతిలో ఒక చివరి కాలిని, మధ్య కాలిని మాత్రమే వాడి, ప్రవాహాన్ని పాట్ గుండానే ఎల్.ఈ.డి.కి పంపుతారు. పిల్లలు మొదట చేసేది ఇదే. గుండీ చివరకు చేరగానే నిరోధం దాదాపు సున్నా అవుతుంది, ప్రవాహం ఒక్కసారిగా పెరిగి ఎల్.ఈ.డి. మాడిపోతుంది.

470 ఓమ్‌ల నిరోధకాన్ని వరుసలో కలిపితే ఎల్.ఈ.డి. బ్రతుకుతుంది. ఎర్ర ఎల్.ఈ.డి. 2 వోల్టులు తీసుకొంటే, మిగిలిన 7 వోల్టులను 470తో భాగించగా సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. కానీ పాట్‌కు అంత ఓర్పు లేదు. 0.1 వాట్ సామర్థ్యం గల 10,000 ఓమ్‌ల పాట్ భరించగలిగేది సుమారు 3 మిల్లీ ఆంపియర్లే. పూతలో చిన్న ముక్క మాత్రమే పనిలో ఉన్నప్పుడు కూడా ఈ హద్దు వర్తిస్తుంది, ఎందుకంటే వేడి అంతా ఆ ముక్క మీదనే పడుతుంది. ఇంట్లో పరీక్షించినప్పుడు వెలిగి, ప్రదర్శనలో పదేపదే తిప్పగా చెడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

సరియైన అమరిక

బరువు మోసే పనిని ట్రాన్సిస్టరుకు అప్పగించాలి. బి.సి.547ను చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేటట్లు పట్టుకొంటే, ఎడమ నుండి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్. పాట్ చివరలను బ్యాటరీకి, మధ్య కాలిని బేస్‌కు, కలెక్టర్‌ను బ్యాటరీ ధన ధ్రువానికి కలపాలి. ఎమిటర్ నుండి 470 ఓమ్‌ల నిరోధకం, దాని తరువాత ఎల్.ఈ.డి. పొడవు కాలు, పొట్టి కాలు ఋణ ధ్రువానికి. ఇప్పుడు పాట్ పూతలో పారేది సుమారు 0.9 మిల్లీ ఆంపియరు మాత్రమే. ఎల్.ఈ.డి.లో 13 మిల్లీ ఆంపియర్ల వరకు పారవచ్చు.

గుండీని పావు భాగానికి పైగా తిప్పేవరకు దీపం వెలగదు. ట్రాన్సిస్టరుకు, ఎల్.ఈ.డి.కి కలిపి సుమారు 2.5 వోల్టులు అవసరం కనుక అది లోపం కాదు. దీపం ఆరినా పాట్‌లో స్వల్ప ప్రవాహం ఉంటుంది గనుక పని ముగిశాక బ్యాటరీని విడదీయాలి.

ఆర్డుయినో యునో బోర్డుకు కూడా ఇదే సూత్రం. చివరి కాళ్లు 5 వోల్టులకు, గ్రౌండ్‌కు. మధ్య కాలు ఎ0కు. చదివే అంకె 0 నుండి 1023 వరకు మారుతుంది. పొరపాటున మధ్య కాలిని 5 వోల్టులకు, ఒక చివరను గ్రౌండ్‌కు కలిపితే, గుండీ ఆ చివరకు చేరగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

పాత పాట్‌ల విషయంలో

పాత రేడియో, టేప్‌రికార్డరు నుండి తీసిన పాట్‌ను ముందుగా మల్టీమీటరుతో పరీక్షించాలి. గుండీ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు సగం నిరోధం చూపితే అది అన్ని పనులకూ అనువైన సమరేఖీయ రకం. పదవ వంతుకు దగ్గరగా చూపితే అది శబ్దం కోసం చేసిన రకం; దీపానికి, ఆర్డుయినోకు అంతగా నప్పదు. గరగర శబ్దం వస్తే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి పలుమార్లు తిప్పాలి. కొబ్బరినూనె వేస్తే ధూళి మరింత పట్టుకొంటుంది.

పెద్దలు తప్పక గమనించవలసినది మరొకటి ఉన్నది. ఇంటి 230 వోల్టుల విద్యుత్తుకు ఈ పాట్‌ను ఎన్నడూ కలపరాదు. ఫ్యాన్ రెగ్యులేటరులో ఇటువంటి గుండీ కనిపించినంత మాత్రాన దానిని విప్పి ప్రయోగం చేయడం ప్రాణాంతకం. పిల్లల ప్రయోగాలు బ్యాటరీతోనే జరగాలి. చెడితే పోయేది ఇరవై రూపాయల పాట్ మాత్రమే అయి ఉండాలి.