విమానం టైరు పగిలితే

రోడ్డుపై పోయే బస్సు టైరు పగిలితే డ్రైవరు బండిని మెల్లగా పక్కకు ఆపుతాడు. ఎగరబోతున్న విమానానికి ఈ న్యాయం ఎల్లవేళలా చెల్లదు. రన్‌వేపై పరుగుతీసే విమానానికి 'నిర్ణయ వేగం' అనే హద్దు ఒకటి ఉంటుంది. విమానం బరువు, రన్‌వే పొడవు, వాతావరణం మొదలైన వాటిని బట్టి దానిని ముందుగానే లెక్కకడతారు. ఆ వేగం దాటిన పిమ్మట ఆగబోతే మిగిలిన రన్‌వే చాలకపోవచ్చు. పైగా పగిలిన టైరు వల్ల బ్రేకుల శక్తి తగ్గుతుంది. అందువల్ల అప్పుడు పైలట్ విమానాన్ని ఆపడు, ఎగిరిస్తాడు. వినడానికి వింతగా తోచినా క్షేమకరమైన మార్గమదే. గాలిలోకి లేచిన విమానానికి టైర్లతో పని లేదు. దిగేలోగా ఇంధనం ఖర్చై బరువు తగ్గుతుంది. నేలమీద అగ్నిమాపక దళం సిద్ధమవుతుంది.

ఒక టైరు పోయినా బరువు మోయడానికి తక్కినవి ఉంటాయి. బోయింగ్ 737కు 6, బోయింగ్ 747కు 18 టైర్లు ఉంటాయి. అయితే ఈ ఏర్పాటులోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఒక టైరులో పీడనం తగ్గితే ఆ భారం పక్కనున్న జత టైరుపై పడుతుంది. 1991 జులై 11న సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగినది ఇదే. హజ్ యాత్రికులను నైజీరియాకు తీసుకొనిపోతున్న డీసీ-8 విమానం పరుగు తీస్తుండగా, పీడనం చాలని టైరు భారం మోసిన జత టైరు మొదట, ఆ తరువాత అదీ దెబ్బతిన్నాయి. రన్‌వే రాపిడికి నిప్పు పుట్టింది. సంగతి తెలియని సిబ్బంది చక్రాలను లోపలికి ముడిచారు. ఆ మంట విమానం కడుపులోకి చేరింది. 261 మందిలో ఒక్కరూ బ్రతకలేదు. టైరు పీడనాన్ని కొలవడం ఎంత చిన్న పనో, దాని విలువ అంత పెద్దది.

విమానం టైర్లలో మామూలు గాలికి బదులు నైట్రోజన్ నింపుతారు. 1986లో మెక్సికోలో బ్రేకు వేడికి, మామూలు గాలి నింపిన టైరు పేలి, బోయింగ్ 727 కూలి 167 మంది మరణించారు. వేడెక్కిన రబ్బరు ఆవిరులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే విస్ఫోటం జరుగుతుంది. నైట్రోజన్ దానికి తావివ్వదు.

ఇక చక్రానికి ఫ్యూజ్ ప్లగ్గులు అమర్చుతారు. బ్రేకులు బలంగా వేసినప్పుడు చక్రం మితిమీరి వేడెక్కితే ఈ ప్లగ్గులు కరిగి, లోపలి వాయువును బయటకు వదులుతాయి. టైరు పేలదు, చప్పబడుతుంది. విమానం ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషాలపాటు చక్రం వేడి పెరుగుతూనే ఉంటుంది. కనుక అగ్నిమాపక సిబ్బంది దాని పక్కలకు పోరు. ముందు నుంచి గాని, వెనుక నుంచి గాని సమీపిస్తారు.