మట్టిలో మందు... బొగ్గుతో విరుగుడు!

కోడికి వేసిన యాంటీబయోటిక్‌ కోడితోనే పోదు. పెంటలో కలిసి, లారీ ఎక్కి, పొలానికి చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులకు మొండితనం నేర్పుతుంది. ఆ మందును కదలనివ్వకుండా పట్టి ఉంచే సరుకు మన పత్తిచేలలోనే ఉంది. రైతులు ఏటా అగ్గిపెట్టి బూడిద చేసే కట్టెను కాస్త పద్ధతిగా కాలిస్తే చాలు... అదే బయోచార్‌!

కోళ్ల ఎరువంటే రైతుకు మహా ఇష్టం. నత్రజని, భాస్వరం, పొటాష్‌... మూడూ ఉంటాయి. పశువుల ఎరువుకన్నా ఘాటు కూడా. తణుకు, అనపర్తి లాంటి చోట్ల కోళ్ల షెడ్లకు కొదవలేదు. అక్కడ పోగయ్యే పెంట చివరికి చేరేది ఏదో ఒక చేలోకే. అందులో తప్పేమీ లేదు. నేలకు సేంద్రియ పదార్థం కావాలి, ఫారానికి పెంట వదలాలి. చిక్కల్లా ఆ పెంటతోపాటు కనబడకుండా వచ్చే మందుతోనే.

కోళ్లకూ పందులకూ పశువులకూ రోగం వస్తే యాంటీబయోటిక్స్‌ వాడతారు. కొన్నిచోట్ల రోగం రాకముందే, ముందుజాగ్రత్తగా దాణాలోనో నీళ్లలోనో కలిపేస్తారు. త్వరగా బరువు పెరగాలనీ వేస్తారు. వేసిందంతా ఒంటికి పడుతుందా అంటే, లేదు. మందునుబట్టి 30 నుంచి 90 శాతం దాకా మూత్రంలో, పెంటలో బయటికి వచ్చేస్తుంది.

మట్టి గుట్టు విప్పితే...

ఇది ఊహ కాదు. పందుల పేడనీళ్లను ఎరువుగా పారించే జర్మనీ పొలాల్లో మట్టిని పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రకటించారు అక్కడి శాస్త్రవేత్తలు. టెట్రాసైక్లిన్‌ అవశేషాలు కనిపించాయి. పై పది సెంటీమీటర్ల మట్టిలోకన్నా దానికింది పొరలోనే ఎక్కువ... కిలోకు దాదాపు 200 మైక్రోగ్రాములు.

హాలెండ్‌ కథ ఇంకా ఆసక్తికరం. అక్కడ 1940 నుంచి 2008 వరకూ వివిధ పొలాల నుంచి సేకరించిన మట్టిని భద్రంగా దాచారు. ఆ నమూనాల్లోని సూక్ష్మజీవుల జన్యువుల్ని పరిశీలించినవారు 2010లో చెప్పిందేమిటంటే... యాంటీబయోటిక్స్‌కు లొంగనివ్వని జన్యువులు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చాయి. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే కొన్ని జన్యువులైతే 1970ల నాటికన్నా 15 రెట్లు మించిపోయాయి.

మన దేశంలోనూ చూశారు. ఢిల్లీలోని సెంటర్‌ ఫర్‌ సైన్స్‌ అండ్‌ ఎన్విరాన్‌మెంట్‌ సంస్థ ఉత్తరప్రదేశ్‌, హరియాణా, రాజస్థాన్‌, పంజాబ్‌లలోని 12 కోళ్ల ఫారాల్లో పెంటనూ, చుట్టుపక్కల పొలాల మట్టినీ పరీక్షించి 2017లో నివేదిక ఇచ్చింది. పలు మందులకు లొంగని ఈ-కొలై బ్యాక్టీరియా ఫారం లోపలా ఉంది, బయటి మట్టిలోనూ ఉంది. పెంటతోపాటే అది పొలానికి చేరుతోందన్నది ఆ నివేదిక సారాంశం.

అయితే మనకేంటి?

చెంచాడు మట్టిలో కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మందు తగిలితే బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి పిల్లల్ని పెడతాయి. అంతటితో ఆగితే బాగుండేది. మందును ఎలా తట్టుకోవాలో చెప్పే జన్యువును అవి పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకూ ఇచ్చేస్తాయి, పక్కింటావిడకి పచ్చడి ఎలా పెట్టాలో చెప్పినంత తేలిగ్గా! ఆ జన్యువు నీటిద్వారానో, కూరగాయలకు అంటిన మట్టిద్వారానో మనుషులకు జబ్బుచేసే సూక్ష్మజీవిని చేరితే, ఆసుపత్రిలో మందు పనిచేయదు. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షలమంది చనిపోయారని లాన్సెట్‌ పత్రిక 2022లో లెక్కతేల్చింది. అందులో పొలం వాటా ఇంతని విడదీయలేం కానీ, ఉన్న దారుల్లో అదీ ఒకటి.

కొన్ని మందులు మొక్కల్లోకీ ఎక్కుతాయి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు పశువుల ఎరువు కలిపిన మట్టిలో మొక్కజొన్న, ఉల్లికాడలు, క్యాబేజీ పెంచిచూస్తే, కొద్ది మోతాదులోనైనా క్లోర్‌టెట్రాసైక్లిన్‌ ఆ మొక్కల్లో కనిపించింది. ఇది 2005 నాటి మాట.

బొగ్గు ఏం చేస్తుంది?

ఎవరైనా విషం మింగితే ఆసుపత్రిలో కొన్నిసార్లు నల్లటి బొగ్గుపొడి నీళ్లలో కలిపి తాగిస్తారు. విషం రక్తంలో కలవకుండా ఆ పొడి పట్టేసుకుంటుంది. ఇంట్లో నీళ్ల ఫిల్టర్‌లో ఉండేదీ అలాంటి బొగ్గే. బయోచార్‌ దానికి పల్లెటూరి తమ్ముడనుకోవచ్చు.

పత్తికట్టె, కందికట్టె, వరిఊక, సర్కారు తుమ్మ... ఏదైనా సరే, గాలి సరిగా అందకుండా 300 నుంచి 700 డిగ్రీల వేడిలో కాలిస్తే బూడిదవకుండా బొగ్గుగా మిగులుతుంది. దాన్నిండా కంటికి కనిపించని రంధ్రాలు. బాగా వేడిమీద చేసిన బొగ్గయితే ఒక్క గ్రాములోని ఆ రంధ్రాల గోడలన్నీ కలిపి వంద చదరపు మీటర్లు దాటొచ్చు. అంటే దాదాపు 120 గజాల ఇంటిస్థలం! టెట్రాసైక్లిన్‌, సల్ఫా మందుల అణువుల్లో వలయాలుంటాయి. బొగ్గులోనూ కార్బన్‌ వలయాల పొరలుంటాయి. పేకముక్కల్లా ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా చిక్కిన మందు వేరుకూ, సూక్ష్మజీవికీ, భూగర్భజలానికీ తక్కువగా అందుతుంది.

మట్టిలో బొగ్గు కలపడం కొత్తేమీ కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్‌ అడవుల్లో వందల, వేల ఏళ్లనాడు అక్కడివారు బొగ్గూ వంటచెత్తా కలిపిన నల్లమట్టి ఇప్పటికీ సారవంతంగా ఉంది. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెల్ని బొగ్గుచేసేందుకు ఇనుప డ్రమ్ముతోనే చిన్న బట్టీని రూపొందించింది. అడుగున రంధ్రాలుండే డ్రమ్ములో ఎండుకట్టె నింపి అంటిస్తారు. పొగ పలచబడగానే మూతపెట్టి, సందుల్ని మట్టితో మెత్తేస్తారు. చల్లారాక తీస్తే బొగ్గు సిద్ధం.

పొలానికి కాదు... కుప్పకు!

ఇక్కడే లెక్క చూసుకోవాలి. ప్రయోగశాలల్లో సాధారణంగా మట్టి బరువులో ఒకటి నుంచి ఐదు శాతం దాకా బొగ్గు కలిపి చూస్తారు. ఎకరం పొలంలో పై ఆరంగుళాల మట్టే దాదాపు 900 టన్నులు. అందులో ఒక్క శాతమంటే 9 టన్నుల బొగ్గు! కట్టె బరువులో పావువంతు నుంచి మూడోవంతు వరకే బొగ్గు వస్తుంది. ఎకరం పత్తికి వచ్చే కట్టె టన్ను, లేదా అంతకు కొంచెం ఎక్కువ. అంటే ఒక్క ఎకరం మట్టికోసం ముప్ఫై ఎకరాల కట్టె కాల్చాలి. అయ్యే పనేనా?

అందుకే మట్టికి చేరకముందే, ఎరువు కుప్పలోనే బొగ్గు కలపడం తెలివైన దారి. టన్ను పెంటకు 50 నుంచి 100 కిలోలు కలిపితే, ఎకరం కట్టెతో వచ్చే బొగ్గు మూడు నుంచి ఐదు టన్నుల పెంటకు సరిపోతుంది. నత్రజని అమోనియాగా ఎగిరిపోవడమూ, వాసనా తగ్గుతాయి. కుప్ప బాగా మాగి 55 డిగ్రీలు దాటి వేడెక్కితే టెట్రాసైక్లిన్‌ లాంటి మందులు చాలావరకూ విరిగిపోతాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌ లాంటివి మాత్రం మొండిఘటాలు. వాటిని పట్టుకోవడానికి బొగ్గు అక్కరకొస్తుంది.

అలాగని బొగ్గు సర్వరోగ నివారిణి కాదు. అది మందును పట్టి ఉంచుతుంది తప్ప మాయం చేయదు. మొండి జన్యువులు తగ్గడమన్నది బొగ్గు రకాన్నిబట్టి మారుతోందనీ, కొన్నిటితో ఫలితం అంతంతమాత్రమేననీ కోళ్ల ఎరువుమీద జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* పచ్చి కోళ్ల పెంటను నేరుగా చేలో చల్లకూడదు. కుప్పవేసి, తడిపి, తిరగేస్తూ మాగనివ్వాలి.
* బట్టీలో ప్లాస్టిక్‌, రంగులేసిన చెక్క వేయకూడదు. ఆ విషాలు బొగ్గులో మిగులుతాయి.
* పొడిని నీళ్లు చిలకరించాకే కలపాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.
* బొగ్గుకు క్షారగుణం ఎక్కువ. చౌడు నేలలకు వేసేముందు మట్టి పరీక్ష చేయించుకోవాలి.
* ఆకుకూరల్నీ పచ్చిగా తినే కూరగాయల్నీ బాగా కడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం మందును మొదట్లోనే తగ్గించడం. జంతువుల ఎదుగుదల కోసం యాంటీబయోటిక్స్‌ వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2006లోనే నిలిపేసింది. మనుషులకు ఆఖరి అస్త్రంలా దాచుకునే కొలిస్టిన్‌ను కోళ్లకూ పశువులకూ వాడకుండా మన ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. పశువైద్యుడు చెప్పినప్పుడే, చెప్పినన్ని రోజులే మందు వాడితే కుప్పలో బొగ్గుకు పట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

మిగతా సగానికి కావలసిన సరుకు రైతు దగ్గరే ఉంది. పత్తి ఏరడం అయిపోయాక కట్టెకు ఎలాగూ అగ్గి పెడుతున్నారు. ఆ మంటను ఒక డ్రమ్ములోకి మార్చి, సమయానికి మూత వేయడమే చేయాల్సింది.