కంప్యూటరు మెమరీ ఉత్తినే రెట్టింపవుతుందా?

“ఈ ప్రోగ్రాము వేసుకోండి. మీ కంప్యూటరు వేగం రెట్టింపవుతుంది!” ఇటువంటి ప్రకటనలు మీరు చూసే ఉంటారు. వేసుకున్న తరువాత తెర మీద ఒక ముల్లు గిర్రున తిరుగుతుంది. “మీ కంప్యూటరు ఇప్పుడు చురుకుగా ఉన్నది” అని అక్షరాలు కనిపిస్తాయి. పని మాత్రం మునుపటిలాగే నత్తనడక నడుస్తుంది. డబ్బు ఖర్చవుతుంది, విసుగు మిగులుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే ముందు కంప్యూటరు పనిచేసే తీరు కొంత తెలియాలి.

బల్ల, బీరువా

మీరు చదువుకునేటప్పుడు కావలసిన పుస్తకాలను బల్ల మీద పెట్టుకుంటారు. మిగిలినవి బీరువాలో ఉంటాయి. బల్ల చిన్నది, కాని చేతికి అందుతుంది. బీరువా పెద్దది, కాని లేచి వెళ్ళాలి. కంప్యూటరులో ర్యామ్ అనే మెమరీ బల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది.

బల్ల నిండిపోతే ఏం చేస్తారు? ఒక పుస్తకాన్ని బీరువాలో పెట్టి మరొకటి తెచ్చుకుంటారు. కంప్యూటరు కూడా అంతే. ర్యామ్ చాలనప్పుడు కొంత సమాచారాన్ని డిస్కుకు పంపి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. అయితే ఈ రాకపోకలకు చాలా సమయం పడుతుంది. ర్యామ్ నుండి సమాచారం అందడానికి సెకనులో కోటవ వంతు చాలు. తిరిగే పళ్ళెం గల డిస్కుకు సెకనులో నూరవ వంతు కావాలి. అంటే లక్ష రెట్లు ఆలస్యం! బల్ల మీది పుస్తకం ఒక సెకనులో అందితే, బీరువాలోని పుస్తకానికి ఒక రోజుకు పైగా కాచుకున్నట్లు లెక్క. ర్యామ్ తక్కువైన కంప్యూటరు మొరాయించడానికి ఇదే ముఖ్య కారణం.

సాఫ్ట్‌ర్యామ్ కథ

1995 ఆగస్టులో విండోస్ 95 విడుదలయింది. దానికి ర్యామ్ ఎక్కువ కావాలి. ఆనాడు అమెరికాలో ఒక మెగాబైటు ర్యామ్ ధర సుమారు 30 డాలర్లు. సరిగ్గా ఆ సమయంలోనే అక్కడి సింక్రొనిస్ అనే సంస్థ సాఫ్ట్‌ర్యామ్ 95 అనే ప్రోగ్రామును అమ్మకానికి పెట్టింది. మెమరీలోని సమాచారాన్ని కుదించి, ఉన్న ర్యామ్‌ను రెట్టింపు చేస్తామని ప్రచారం చేసింది. ఆరు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి.

కొన్నవారికి తేడా కనబడలేదు. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ వంటి నిపుణులు ఆ ప్రోగ్రామును విప్పి, లోపలి ఆదేశాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. అందులో కుదించే పని జరగడమే లేదని తేలింది! పైన పటారం, లోన లొటారం అన్నమాట. 1995 చివరికల్లా సంస్థ సరుకును వెనక్కు తీసుకోవలసి వచ్చింది. 1996లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆ ప్రచారం అబద్ధమని ఆరోపించింది. ఆధారం లేకుండా అటువంటి మాటలు ఇకపై చెప్పబోమని సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది.

మరి అంతమంది ఎలా నమ్మారు? మెమరీ పెరిగినట్లు తెర మీద అంకెలు కనిపించాయి గదా! కాని ఆ అంకెలను చూపించింది ఎవరు? ఆ ప్రోగ్రామే. సరుకు అమ్మేవాడే తప్పుడు తక్కెడ తెచ్చి తూచినట్లయింది.

కుదించడం సాధ్యమేనా?

సాధ్యమే. వరుసగా పది ‘అ’లు రాయడానికి బదులు ‘10అ’ అని రాస్తే పది అక్షరాల పని మూడింటితో సరిపోతుంది. 2013లో ఆపిల్ సంస్థ, 2015లో విండోస్ 10 తమ కంప్యూటర్లలో మెమరీని నిజంగానే కుదించే ఏర్పాటు తెచ్చాయి. అయితే అన్నిటినీ కుదించలేము. ఎందుకో చూడండి. 000 నుండి 999 వరకు మూడంకెల గుర్తులు వేయి ఉన్నాయి. ప్రతి ఒక్కదానినీ రెండంకెలకు కుదించాలంటే మన దగ్గర ఉన్నవి 00 నుండి 99 వరకు నూరే. వేయిమందికి నూరు పేర్లు ఎలా సరిపోతాయి? ఒకే పేరు పలువురికి వస్తుంది. తిరిగి విప్పేటప్పుడు ఎవరు ఎవరో తెలియదు. పైగా కుదించడానికి, విప్పడానికి కూడా కంప్యూటరు కొంత శ్రమపడాలి. కాబట్టి ఏ సమాచారమైనా సరే సగమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఫోన్లలో “మెమరీ శుభ్రం చేస్తాం” అనే ప్రోగ్రాముల సంగతీ ఆలోచించండి. అవి బల్ల మీది పుస్తకాలన్నిటినీ తీసి బీరువాలో పెడతాయి. ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది, నిజమే. కాని మరుక్షణంలో మీకు ఆ పుస్తకమే కావాలి! మళ్ళీ తెచ్చుకోవడానికి సమయమూ బ్యాటరీ శక్తీ ఖర్చవుతాయి. ఊరికే ఖాళీగా ఉన్న బల్ల వల్ల లాభమేమిటి?

కంప్యూటరు నిజంగా చురుకు కావాలంటే ర్యామ్ ముక్కను అదనంగా అమర్చవచ్చు. తిరిగే డిస్కుకు బదులు కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. పెట్టవచ్చు. అవసరం లేకపోయినా కంప్యూటరుతో పాటే మొదలయ్యే ప్రోగ్రాములను ఆపివేయవచ్చు. ఈ చివరిదానికి పైసా ఖర్చు లేదు.

మీరే పరీక్షించండి

మీ బడిలో వేగం పెంచే ప్రోగ్రాము కొందామని ఎవరైనా అంటే, డబ్బు ఇవ్వకముందే ఉచితంగా పరీక్షించే వీలున్నదా అని అడగండి. ఉంటే ఒక పనిని ఎంచుకోండి. ఉదాహరణకు, పెద్ద బొమ్మ ఒకటి తెరవడం. కంప్యూటరును ప్రతిసారీ ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, ఆ పనికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో కొలవండి. ప్రోగ్రాము లేకుండా ఐదుసార్లు, ప్రోగ్రాముతో ఐదుసార్లు కొలిచి సగటు కట్టండి. మిగతావన్నీ మార్చకుండా ఉంచండి. కొలిచే మిత్రునికి ప్రోగ్రాము ఉన్నదో లేదో చెప్పకపోతే మరీ మంచిది. తెర మీది ముల్లు ఏం చెప్పినా, గడియారం చెప్పినదే లెక్కలోకి తీసుకోండి.

చివరగా ఒక ప్రశ్న: ఒకసారి కుదించిన ఫైలును మళ్ళీ మళ్ళీ కుదిస్తూ పోతే చివరకు ఒక్క అక్షరానికి దిగుతుందా? పైన చెప్పిన వేయి, నూరు లెక్కను గుర్తుచేసుకుని జవాబు ఆలోచించండి.