పొగను బంధింతుమా, గాలిని వాడుకొందుమా?

సూళ్లూరుపేటలో ప్రొద్దు గ్రుంకువేళ పులికాట్ సరస్సు మీదుగా సముద్రపు గాలి వీచుచుండగా ఇంటింట దీపములు వెలుగును, రేడియోలు పలుకును. ఆ దీపమునకు వచ్చు విద్యుత్తులో కొంత బొగ్గు వలన పుట్టినది, కొంత గాలి వలన పుట్టినది. తీగలో ప్రవహించునపుడు ఆ రెంటికిని భేదము లేదు. భేదమంతయు పుట్టుకలోనే యున్నది.

సూళ్లూరుపేటకు ఉత్తరమున, కృష్ణపట్నము రేవు చెంత, నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అందు 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నవి. మూడవ దానిని 2022 అక్టోబరులో జాతికి అంకితము చేసిరి. అట్టి యంత్రమొకటి పూర్తి శక్తితో ఒక దినము నడచినచో 1 కోటి 92 లక్షల యూనిట్ల విద్యుత్తు పుట్టును. బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తీయుటలో సుమారు 900 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడునని లెక్క వేసుకొన్నచో, ఒక్క యంత్రము నుండి ఒక్క దినమునకు 17 వేల టన్నులు తేలును. ఈ వాయువు భూమి వేడిని బయటకు పోనీక పట్టియుంచును. వేడి హెచ్చిన కొలది సముద్రమట్టము పెరుగును. లోతు లేని పులికాట్ సరస్సునకును, దాని యొడ్డున బ్రతుకు మత్స్యకారులకును ఇది దూరపు సంగతి కాదు.

దీనికి రెండు ఉపాయములు చెప్పుచున్నారు. పొగగొట్టము నుండి వచ్చు వాయువును పట్టి బంధించుట యొకటి. బొగ్గునకు బదులుగా గాలితో విద్యుత్తు తీయుట రెండవది. చేతిలోని సొమ్ము పరిమితమైనపుడు ముందు దేనికి వెచ్చించవలెను? ఈ ప్రశ్ననే మేమిచట పరిశీలింపదలచితిమి.

వాయువును పట్టు విధము ఇట్టిది. పొగను అమీన్ అను రసాయనము కలిపిన నీటి గుండా పోనిత్తురు. ఆ ద్రావణము బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. తరువాత దానిని వేడిచేయగా వాయువు విడివడును. దానిని గట్టిగా అదిమి భూగర్భములోని రాతిపొరలలోనికి పంపవచ్చును, లేదా వేరు వస్తువుగా మార్చవచ్చును. ఇది వట్టి ఊహ కాదు. నార్వే దేశమువారు సహజవాయువు నుండి వేరుచేసిన బొగ్గుపులుసు వాయువును 1996 నుండి స్లైప్నర్ వద్ద సముద్రగర్భమున దాచుచు వచ్చిరి. మన దేశమున ఎన్.టి.పి.సి. సంస్థ మధ్యప్రదేశములోని వింధ్యాచల్ విద్యుత్కేంద్రమున 2022లో దినమునకు 20 టన్నుల వాయువును పట్టు యంత్రాగారమును నెలకొల్పినది. ఆ వాయువును ఉదజనితో కలిపి మిథనాల్ అను ఇంధనముగా మార్చుట వారి సంకల్పము.

చిక్కు ఎక్కడనగా, ద్రావణమును వేడిచేయుటకును, వాయువును అదుముటకును శక్తి కావలెను. పొగలోని వాయువును దాదాపు అంతయు పట్టదలచినచో, ఆ కేంద్రము తీసిన విద్యుత్తులో సుమారు అయిదవ వంతు అందుకే వ్యయమగును. అనగా 800 మెగావాట్లలో మనకు దక్కునది 640 మాత్రమే. మిథనాలుగా మార్చినను, దానిని మండించిన నాడు ఆ వాయువు మరల ఆకాశమునకే చేరును. అమెరికాలో టెక్సాసు నందలి పెట్రా నోవా కేంద్రము పట్టిన వాయువును పాత చమురుబావులలోనికి పంపి చమురు తీయించెడిది. 2020లో చమురు ధర పడిపోగా ఆ పని నిలిచిపోయినది. 2023లో గాని తిరిగి మొదలు కాలేదు.

ఇప్పుడు గాలివైపు చూతము. ఆంధ్రప్రదేశములో సుమారు 4,000 మెగావాట్ల గాలిమరలు నిలిచియున్నవి. వానిలో అధికభాగము రాయలసీమ మెట్టలపైననే. తిరుమల కొండమీద తిరుగు గాలిమరలను యాత్రికులు చూచియే యుందురు. గాలివేగము రెట్టింపైనచో అందలి శక్తి ఎనిమిది రెట్లగును. అందుచేతనే గాలి ఒరసికొని పోవు మెట్టలను ఏరుకొందురు.

2 మెగావాట్ల గాలిమర యొకటి, ఏడాది పొడుగున సగటున తన శక్తిలో నాల్గవ వంతే ఇచ్చినను, సుమారు 44 లక్షల యూనిట్లు తీయును. ఆ మేరకు బొగ్గు మండింపకున్నచో దాదాపు 4 వేల టన్నుల వాయువు పుట్టనే పుట్టదు. వింధ్యాచల్ యంత్రాగారము ఏడాదియంతయు నడచినను పట్టగలది 7,300 టన్నులు. అనగా రెండు గాలిమరలు దానికి సాటి. అది ప్రయోగార్థము కట్టినదే గనుక తప్పు పట్టుట మా యుద్దేశము కాదు. కాని పుట్టిన పొగ వెంట పరుగెత్తుట కన్న పుట్టకుండ చూచుట ఎంత సులువో ఈ లెక్క చెప్పుచున్నది. గాలిమర శక్తిని ఇచ్చును. వాయువును పట్టు యంత్రము శక్తిని అడుగును.

గాలి నిలిచిపోయిన నాడు దీపమెట్లు వెలుగునని మీరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మనకు నైరృతి ఋతుపవన మాసములలో గాలి మెండు. తక్కిన కాలమున తక్కువ. పూటపూటకు వచ్చు హెచ్చుతగ్గులను సర్దుటకు మిగులు విద్యుత్తుతో నీటిని పైకి తోడి, కొరత వేళ క్రిందికి వదలు పద్ధతి కలదు. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమున అట్టి యంత్రములున్నవి. నంద్యాల జిల్లా పిన్నాపురమున 1,680 మెగావాట్ల ఏర్పాటును చేపట్టిరి. ఋతువుల కొరతను మాత్రము ఎండ, నీరు, కొంతకాలము బొగ్గు కూడ కలిసి తీర్చవలసియే యుండును. గాలిమరలకును చోటు ఎరిగి నిలుపవలెను. ఫ్లెమింగోలు దిగు పులికాట్ ఒడ్డునను, గూడకొంగలు గూళ్లు కట్టు నేలపట్టునను వాని రెక్కలు తిరుగరాదు.

అట్లయిన వాయువును పట్టు విద్య వ్యర్థమా? కాదు. కడప జిల్లా సిమెంటు కర్మాగారములను తలచుకొనుడు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చినచో 44 కిలోల బొగ్గుపులుసు వాయువు ఆ రాతి నుండియే వెడలును. కొలిమిని గాలి విద్యుత్తుతో నడిపినను అది ఆగదు. అట్టి చోట పట్టి బంధించుట తప్ప వేరు మార్గము కనబడుట లేదు.

కాబట్టి మా అభిప్రాయమిది. దీపము వెలిగించుటకు గాలి చాలినంత మేరకు గాలినే వాడుకొందము. రాయి కాల్చక తప్పని చోటునకు పొగను పట్టు విద్యను దాచియుంచుదము. పొయ్యి ఆర్పగలిగిన ఇంట పొగను కుండలో మూయుటకు సొమ్ము వెచ్చించుట గృహస్థు చేయు పని కాదు.