ఇంటిలో సబ్బు తయారీ – క్షారముతో జాగ్రత్త

ఇంటిలోనే సబ్బు చేసుకొనుట ఎట్లని తిరుపతిలో నా వద్దకు వచ్చు గృహిణులు కొందరు అడుగుచున్నారు. చేసుకొనవచ్చును. కాని క్షారము లేనిదే సబ్బు లేదు. ఉత్తరేణి వంటి మొక్కల బూడిద నుండి తీసిన క్షారముతో మొలలను కరిగించు చికిత్సను సుశ్రుతుడు చెప్పెను. కాస్టిక్ సోడాయు అట్టి ఉగ్రక్షారమే.

మన చిత్తూరు సీమలో వేరుశనగ నూనెకు కొదువ లేదు. అయితే దానితో మాత్రమే చేసిన సబ్బు మెత్తబడును, నురుగు తక్కువ. అందుచేత 250 గ్రాముల వేరుశనగ నూనెకు అంతే కొబ్బరినూనె చేర్చవలెను. దీనికి శుద్ధమైన కాస్టిక్ సోడా 76 గ్రాములు, నీరు 190 గ్రాములు. చెంచాల కొలత పనికిరాదు, త్రాసుతో తూచవలెను.

చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దాలు ధరించి, గాలి ఆడు చోట స్టీలు గిన్నెలోని చన్నీటిలో సోడాను కొద్దికొద్దిగా వేయవలెను. సోడాపై నీరు పోయరాదు, చిమ్మి కండ్లలో పడును. అల్యూమినియం పాత్రనైతే క్షారము తినివేయును. అది గోరువెచ్చనైన పిదప నూనెలో కలిపి, దోసెపిండి వలె చిక్కబడువరకు త్రిప్పి అచ్చులో పోయవలెను. మరునాడు కోసి, నాలుగు వారములు ఆరబెట్టిన తరువాతనే వాడుకొనవలెను. పసిబిడ్డలకు మాత్రము నేను సున్నిపిండినే చెప్పుదును.

సోడా ఒంటిపై పడినచో ధారాళముగా నీటితో కడుగుచుండవలెను, నిమ్మరసము రాయరాదు. పిల్లలెవరైనా మ్రింగినచో వాంతి చేయించక, నా వద్దకును తీసుకొనిరాక, నేరుగా రుయా వంటి పెద్దాసుపత్రికి చేర్చవలెను.